సమ్మె రోజే రికార్డు ఆర్డర్లు: గేటు లేని చోట యూనియన్ కట్టేదెలా?

2025 డిసెంబర్ 31 రాత్రి యాప్ ఆఫ్ చేసి ఇంట్లో ఉండాలని డెలివరీ కార్మికులకు యూనియన్లు పిలుపునిచ్చాయి. పిలుపునిచ్చిన వాటిలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ముందుంది. అంతకు ముందు డిసెంబర్ 25న కూడా ఒక రోజు సమ్మె జరిగింది. డిమాండ్లు అందరికీ అర్థమయ్యేవే. 10 నిమిషాల డెలివరీ ఆపాలి. ఆర్డర్‌కు ఇచ్చే రేటు న్యాయంగా ఉండాలి. కారణం చెప్పకుండా ఐడీలు బ్లాక్ చేయొద్దు. బీమా, సామాజిక భద్రత కావాలి.

మరుసటి రోజు జొమాటో అధినేత ఒక లెక్క బయటపెట్టారు. డిసెంబర్ 31న జొమాటో, బ్లింకిట్ కలిపి 75 లక్షలకు పైగా ఆర్డర్లు డెలివరీ చేశాయని, ఇదే ఇప్పటిదాకా రికార్డు అని చెప్పారు. ఆ రోజు ఇన్సెంటివ్‌లు పెరిగాయి. పండగ రోజుల్లో అలా పెంచడం మామూలేనని కంపెనీ అంది.

సమ్మె విఫలమైందని చాలామంది తేల్చేశారు. కానీ రెండు వారాలు తిరక్కుండానే, కేంద్ర కార్మిక శాఖ మంత్రి కంపెనీలతో మాట్లాడిన తర్వాత, బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి '10 నిమిషాలు' అనే మాట తీసేసింది. అంటే సమ్మె పూర్తిగా ఓడిపోలేదు.

మరి రేటు సంగతి? ఐడీ బ్లాక్ సంగతి? అవి ఉన్నచోటే ఉన్నాయి. ఎందుకో ఆలోచిస్తే అసలు విషయం తెలుస్తుంది. ప్రకటనలో ఒక మాట మార్చడానికి కంపెనీకి పెద్దగా ఖర్చు కాదు. రేటు పెంచితే మాత్రం ఆర్డర్ ఆర్డర్‌కూ ఖర్చే. పేపర్లు రాస్తే, జనం జాలిపడితే, మంత్రి ఫోన్ చేస్తే మొదటిది వస్తుంది. రెండోది రావాలంటే సమ్మె రోజున నిజంగా బైకులు ఆగాలి. బైకులు ఆగాలంటే సమ్మెకు ముందు నెలల్లోనే సభ్యులు ఉండాలి. యూనియన్లు తక్కువ శ్రద్ధ పెడుతున్నది ఇక్కడే.

గేటు పోయింది

హైదరాబాద్‌కు యూనియన్లు కొత్త కాదు. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నాయకుల్లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ ఉన్నారు. మఖ్దూంను మనం షాయర్‌గా గుర్తుపెట్టుకున్నాం. ఆయన జీవితంలో సగం కార్మికుల మధ్యే గడిచింది. నిజాం స్టేట్ రైల్వే, వరంగల్ ఆజంజాహీ మిల్లు, ఆజామాబాద్‌లోని సిగరెట్ ఫ్యాక్టరీ వంటి చోట్ల వందలు, వేల మంది ఒకే కప్పు కింద పనిచేసేవారు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడితే చాలు, కార్మికులంతా కళ్ల ముందే ఉండేవారు. గేటు మీటింగ్ అనే మాట అలా పుట్టిందే.

ఇప్పటి డెలివరీ కుర్రాడికి గేటు లేదు. సూపర్‌వైజర్ లేడు, షిఫ్టు గంట లేదు, పక్కన పనిచేసేవాడి పేరు కూడా తెలియదు. ఉద్యోగంలో చేర్చుకున్నదీ యాప్, తీసేసేదీ యాప్. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో 2020-21లో 77 లక్షల మంది ఇలాంటి పనుల్లో ఉన్నారు. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. టోలీచౌకీ, మెహదీపట్నం, సంతోష్‌నగర్ వైపు ఏ బస్తీకి వెళ్లినా బైక్‌కు డెలివరీ బ్యాగు తగిలించిన పిల్లలు కనిపిస్తారు. డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క వచ్చినవాడు ఒకడైతే, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి క్యాబ్ కిస్తీలు కడుతున్నవాడు ఇంకొకడు.

పాత పద్ధతిలో జెండా పట్టుకుని నిలబడదామంటే వీళ్లకు గేటే లేదు. కాబట్టి యూనియన్ చూసుకోవాల్సిన మొదటి పని, వీళ్లు ఎక్కడ ఆగుతారో కనిపెట్టడం.

ఎక్కడ ఆగుతారు?

యాప్ ఎంత పరిగెత్తించినా మనిషి ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. సాయంత్రం ఏడు దాటాక బిర్యానీ హోటళ్ల ముందు ఆర్డర్ కోసం బైకులు వరుసగా నిలబడతాయి. డార్క్ స్టోర్ బయట ఫుట్‌పాత్ మీద కుర్రాళ్లు కూర్చుంటారు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో క్యాబ్ డ్రైవర్లు గంటలకొద్దీ వేచి ఉంటారు. ఇరానీ హోటల్, పంక్చర్ షాపు, పెట్రోల్ బంకు, రంజాన్‌లో ఇఫ్తార్ వేళ రోడ్డు పక్కన పరిచిన దస్తర్‌ఖాన్ కూడా అలాంటి చోట్లే. ఇవే ఇప్పటి గేట్లు.

అమెరికాలో జరిగిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో ఉన్న అమెజాన్ గోదాములో 2022లో యూనియన్ కోసం ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 2,654, వ్యతిరేకంగా 2,131 ఓట్లు వచ్చాయి. ఆ దేశంలో అమెజాన్‌లో గెలిచిన మొదటి యూనియన్ అదే. దాన్ని కట్టింది పెద్ద సంఘాలేమీ కాదు, ఆ గోదాములో పనిచేసినవాళ్లే. వాళ్లు పట్టుకున్న చోటు గోదాము ముందున్న బస్ స్టాప్. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడినవాళ్లకు తిండి పెట్టారు, చలిమంట వేశారు, మాట్లాడారు. ఒక రోజు కాదు, నెలల తరబడి.

కథ అక్కడితో అయిపోలేదు. దాదాపు నెల రోజులకు పక్కనే ఉన్న ఇంకో గోదాములో అదే యూనియన్ ఓడిపోయింది. గెలిచిన చోట కూడా కంపెనీ ఒప్పందానికి కూర్చోలేదు. చివరికి 2024లో వాళ్లు టీమ్‌స్టర్స్ అనే పెద్ద యూనియన్‌తో కలిశారు. ఇందులో మనం నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. మనుషులను లోపలివాళ్లే కూడగట్టగలరు. కూడిన తర్వాత నిలబడటానికి మాత్రం డబ్బు, లాయర్లు, అనుభవం ఉన్న పెద్ద సంఘం అండ కావాలి. మన దగ్గర పెద్ద కార్మిక సంఘాలు ఒక పక్క, కొత్త యాప్ కార్మికుల సంఘాలు ఒక పక్క నడుస్తున్నాయి. ఈ రెండూ దగ్గర కాకపోతే నష్టపోయేది కార్మికుడే.

కష్టం వచ్చిన రోజు ఎవరు వచ్చారు?

ప్రసంగం విని సభ్యుడయ్యేవాళ్లు తక్కువ. ఐడీ బ్లాక్ అయిన రోజు ఫోన్ ఎత్తినవాడిని మాత్రం ఎవరూ మర్చిపోరు. యాక్సిడెంట్ అయితే ఉస్మానియాకో, నిమ్స్‌కో వచ్చి కాగితాలు రాయించినవాడిని ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకుంటారు.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు, కుక్క మీదికి రావడంతో పై అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ ఘటన నగరంలో చాలామందిని కదిలించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులతో సమావేశమై, ప్రమాదంలో మరణిస్తే 5 లక్షల రూపాయల బీమా ప్రకటించారు. బీమా ఉందని తెలియడం ఒకటి, డబ్బు చేతికి రావడం ఇంకొకటి. చనిపోయిన మనిషి ఫలానా యాప్‌లో పనిచేసేవాడని ఇంట్లోవాళ్లు చూపించాలి. వివరాలన్నీ అతని ఫోన్‌లోనే ఉంటాయి. ఆ ఫోన్ లాక్ ఎవరికీ తెలియదు. యూనియన్ దగ్గర సభ్యుడి పేరు, ఐడీ నంబర్, ఇంట్లో ఒకరి ఫోన్ నంబర్ రాసిన రిజిస్టర్ ఉంటే ఆ కుటుంబానికి సగం తిప్పలు తప్పుతాయి.

ఇంతకంటే మంచి ప్రచారం ఏ పోస్టర్ చేయగలదు? ఒక్క కుటుంబానికి క్లెయిమ్ ఇప్పిస్తే ఆ గల్లీలో ఉన్న పదిమంది డ్రైవర్లకు యూనియన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నగా మొదలుపెట్టడం

రోజు కూలీ మీద బతికేవాడిని మొదటి రోజే సమ్మె చేయమనడం పెద్ద అడుగు. ఆ రోజు సంపాదన పోతుంది, ఇన్సెంటివ్ టార్గెట్ పోతుంది. డిసెంబర్ 31న చాలామంది యాప్ ఆన్ చేయడానికి కారణం ఇదే. వాళ్లు యూనియన్‌కు శత్రువులు కారు. నెలాఖరులో అద్దె కట్టాల్సినవాళ్లు.

దీనికి మార్గం కూడా హైదరాబాద్ డ్రైవర్లే చూపించారు. 2024 ఏప్రిల్ ఎండల్లో క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' ప్రచారం మొదలుపెట్టారు. కిలోమీటర్‌కు ఇచ్చే రేటు ఏసీ వేస్తే గిట్టుబాటు కాదని ప్రయాణికులకే చెప్పారు. ఇందులో డ్రైవర్ బండి ఆపక్కర్లేదు. పూట సంపాదన వదులుకోనక్కర్లేదు. అయినా విషయం ప్రతి ప్యాసింజర్‌కూ తెలిసింది, పేపర్లకెక్కింది. ప్రతి డ్రైవర్‌కూ తానొక్కడే కాదనే ధైర్యం వచ్చింది. ఇలాంటి చిన్న పనుల్లో కలిసొచ్చినవాళ్లను గుర్తుపెట్టుకుని, పేరు రాసుకుని, రెండోసారి పిలవాలి. ఎంతమంది వచ్చారో లెక్క వేయాలి. నూరు మందిని పిలిస్తే డెబ్బై మంది కదిలారంటే అక్కడ పెద్ద పిలుపు ఇవ్వొచ్చు. పదిహేను మందే వస్తే ఇంకా టైం ఉందని అర్థం.

వాట్సాప్ గ్రూపులో వెయ్యి మంది ఉన్నారని మురిసిపోవడం చాలా సంఘాలు చేసే పొరపాటు. గ్రూపులో ఉండటం వేరు, సభ్యుడు కావడం వేరు. సలామ్, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెట్టేవాళ్లలో చందా కట్టినవారెందరు, పిలిస్తే వచ్చేవారెందరు అన్నదే అసలు లెక్క.

మహిళలు లేని సంఘం సగం సంఘమే

యాప్ పని అనగానే బైకు మీద మగపిల్లలే గుర్తొస్తారు. కానీ గేటు లేని పని ఈ రోజు పుట్టింది కాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో అమ్మీలు, నానీలు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టారు. వాళ్లకూ గేటు లేదు. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకోవాలి, చుట్టి ఇవ్వాలి, నచ్చని బీడీలు పక్కన పడేస్తే ఊరుకోవాలి.

అయినా బీడీ కార్మికులకు 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టినా కార్మికురాలే అని ఆ చట్టం ఒప్పుకుంది. యజమానులు కోర్టుకెళ్తే 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత పీఎఫ్ వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ పింఛను ఇచ్చినప్పుడు పీఎఫ్ ఖాతా ఉన్నవారికే అది అందింది. యూనియన్ వాళ్లు ఇంటింటికీ తిరిగి కార్డు రాయించిన చోట ఆ మహిళలకు మేలు జరిగింది. కార్డు లేని వాళ్లు అంతే పని చేసినా బయటే మిగిలారు.

అహ్మదాబాద్‌లో ఇలా భట్ 'సేవా' సంఘాన్ని 1972లో రిజిస్టర్ చేయించబోతే, యజమానే లేనప్పుడు యూనియన్ ఎవరి మీద పోరాడుతుందని అధికారులు అడిగారు. యూనియన్ అంటే ఒకరి మీద పోరాడటానికే కాదు, కార్మికులు ఒక్కటిగా ఉండటానికి కూడా అన్నది సేవా వాదన. చివరికి రిజిస్ట్రేషన్ దొరికింది. రెండేళ్లకే 4,000 మంది మహిళలు తలా పది రూపాయలు వేసుకుని సొంత బ్యాంకు పెట్టుకున్నారు. పోరాటంతో పాటు పొదుపు, అప్పు, ఆరోగ్యం వంటి రోజువారీ అవసరాలు చూసింది కాబట్టే సేవా నిలబడింది.

చార్మినార్ చుట్టుపక్కల ఇళ్లలో లక్క గాజులు చేసే మహిళలకు, జర్దోజీ కుట్టేవాళ్లకు, యాప్ ద్వారా ఇళ్లకు వెళ్లి బ్యూటీషియన్ పని చేసేవాళ్లకు ఈ పాఠం సరిగ్గా సరిపోతుంది. వాళ్ల దగ్గరికి రాత్రి తొమ్మిదికి మీటింగ్ పెట్టి రమ్మంటే ఎవరూ రారు. మధ్యాహ్నం, ఎవరో ఒకరి ఇంట్లో, ఉర్దూ తెలిసినవారికి ఉర్దూలో, తెలుగు తెలిసినవారికి తెలుగులో, ఆడవాళ్లే మాట్లాడితే వస్తారు.

ఇంట్లోవాళ్ల భయం

కొడుకు యూనియన్‌లో చేరతానంటే ముందు అడ్డుపడేది ఇల్లే. "గొడవలెందుకు బేటా, కేసులైతే ఎవరు చూస్తారు?" అని అమ్మీ అంటుంది. ఏదో పార్టీ జెండా మోయాల్సి వస్తుందని అబ్బా అనుమానం. ఈ భయాలను కొట్టిపారేస్తే లాభం లేదు. సమాధానం చెప్పాలి.

సంఘం పెట్టుకోవడం నేరం కాదు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు కలిసి దరఖాస్తు చేయొచ్చని 1926 చట్టమే చెప్పింది. రాజకీయ ఖర్చులకు వేరే నిధి పెట్టాలని, దానికి చందా ఇవ్వాలని ఏ సభ్యుడినీ బలవంతం చేయకూడదని కూడా ఆ చట్టంలోనే చెప్పారు. ఈ సంగతులు సభ్యత్వ ఫారం వెనుక నాలుగు లైన్లలో అచ్చు వేస్తే సగం అనుమానాలు తీరతాయి. మీటింగులకు పార్టీ నాయకులను తెచ్చి దండలు వేయడం తగ్గిస్తే మిగతా సగం తీరతాయి.

చందా, రసీదు, లెక్క

ఫ్యాక్టరీలో అయితే చందాను జీతంలోంచే కోసి యూనియన్‌కు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. యాప్ పనిలో అది లేదు. ఎవరికి వారు కట్టాలి. 1926 చట్టం అసంఘటిత కార్మికుడికి పెట్టిన కనీస చందా ఏడాదికి 3 రూపాయలు. అంత తక్కువతో ఏ ఆఫీసూ నడవదు.

చిన్న లెక్క వేద్దాం. 2,000 మంది సభ్యులు నెలకు 30 రూపాయలు ఇస్తే నెలకు 60,000, ఏడాదికి 7.2 లక్షలు. ఒక గది అద్దె, ఫోన్ ఎత్తడానికి ఒక మనిషి, కేసులు చూడటానికి ఒక లాయర్‌కు ఇది సరిపోవచ్చు. 30 రూపాయలంటే ఇరానీ హోటల్‌లో ఒక చాయ్, బిస్కెట్ ఖర్చు. కట్టించుకోవడం కష్టం కాదు, యూపీఐతో నిమిషం పని. నమ్మకం నిలబెట్టుకోవడమే కష్టం. ప్రతి రూపాయికి రసీదు, మూడు నెలలకోసారి జమా ఖర్చులు అందరికీ చూపించడం, ఏటా ఆడిట్ తప్పనిసరి. డబ్బు కట్టినవాడు లెక్క అడుగుతాడు. లెక్క అడిగేవాడే సంఘాన్ని తనదనుకుంటాడు.

ఇప్పుడెందుకు తొందర?

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత ట్రేడ్ యూనియన్ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఒక సంస్థలో 51 శాతం కార్మికులు ఏ యూనియన్‌లో ఉంటే యాజమాన్యంతో మాట్లాడే హక్కు దానికే. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం ఉన్న సంఘాలకు చర్చల మండలిలో చోటు. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఫ్యాక్టరీ యూనియన్లకు కూడా ఇక సభ్యత్వ సంఖ్యే బలం.

గిగ్ కార్మికులు ఈ కోడ్ కింద 'వర్కర్' లెక్కలోకి రారు. వాళ్ల ప్రస్తావన సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత నిధికి ఇవ్వాలి. అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకూడదు. ఎవరికి ప్రయోజనం అందాలనే దానిపై కేంద్రం 2025 డిసెంబర్ చివర్లో ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. ఒకే కంపెనీతో ఏడాదిలో 90 రోజులు, లేదా వేర్వేరు కంపెనీలతో కలిపి 120 రోజులు పనిచేసి ఉండాలన్నది అందులోని షరతు. ఈ రోజులను ఎవరు లెక్కిస్తారు? యాప్ చెప్పిన లెక్క తప్పైతే ఎవరు అడుగుతారు? ఒంటరిగా ఉన్న కుర్రాడు అడగలేడు.

రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటగా గిగ్ కార్మికుల చట్టం చేసింది. ఆ ఏడాది చివర ప్రభుత్వం మారాక అమలు మందగించింది. కర్ణాటక 2025లో చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. రాజస్థాన్ అనుభవం చెప్పేది ఒకటే. చట్టం రాయించడానికి కొద్దిమంది చురుకైనవాళ్లు చాలు. దాన్ని అమలు చేయించడానికి ప్రతి జిల్లాలో సభ్యులు కావాలి.

అందుకే యూనియన్లకు ఇది మంచి సమయం. ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు ఎక్కించడం, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచూడటం, పనిచేసిన రోజుల స్క్రీన్‌షాట్లు దాచిపెట్టడం వంటి పనులకు బిర్యానీ హోటళ్ల పక్కన, డార్క్ స్టోర్ల దగ్గర వారానికో సాయంత్రం ఒక టేబుల్ వేసినా చాలు. పని చేసి పెట్టి, అప్పుడు సభ్యత్వ ఫారం ఇవ్వాలి.

కుటుంబాలు కూడా ఒక పని చేసుకోవచ్చు. ఇంట్లో ఎవరు యాప్ మీద పనిచేస్తున్నా వారి ఐడీ నంబర్, యాప్ పేరు, ఈ-శ్రమ్ నంబర్ ఒక కాగితం మీద రాసి రేషన్ కార్డు పక్కన పెట్టుకోవాలి. ఈ రాత్రే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

మళ్లీ డిసెంబర్ 31 వస్తుంది. ఇన్సెంటివ్‌లు మళ్లీ పెరుగుతాయి, ఫోన్లు మోగుతాయి. ఆ రాత్రి ఎన్ని బైకులు ఆగుతాయన్నది అప్పటి నినాదాలను బట్టి ఉండదు. అంతకు ముందు ఏడాదంతా ఆసుపత్రికి ఎవరు వచ్చారు, ఐడీ బ్లాక్ అయితే ఫోన్ ఎవరు ఎత్తారు, ముప్పై రూపాయలకు రసీదు ఎవరు ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.